శ్రీకాకుళం మత్స్యకారులు వేటకి గుజరాత్ దాకా ఎందుకు వెళ్తారు?

"ఇంటి ముందే సముద్రం ఉండగా అంత దూరం ఎందుకు, అక్కడ చేపలు ఎక్కువా?" అని అడిగారు. నేను గుజరాత్‌లోని వేరావల్‌లో మూడు సీజన్లు పనిచేశాను. మా నాన్న అంతకు ముందు పదేళ్ళు చేశారు. చేప ఎక్కువా తక్కువా అన్నది కాదండీ, డబ్బు చేతికొచ్చే పద్ధతే వేరు.

మా ఊళ్ళో వేట వాటాల మీద నడుస్తుంది. తెల్లవారుజామున నలుగురైదుగురం ఫైబర్ తెప్ప మీద వెళ్తాం. ఒడ్డుకి రాగానే చేపకి వేలం పాట పెడతారు. వచ్చిన డబ్బులో ముందు ఇంజను ఆయిలు ఖర్చు పోతుంది, తర్వాత తెప్పకీ వలకీ వాటా, మిగిలింది మనుషులు పంచుకుంటారు. మంచి రేటు పలికే వంజరం చేప పడితే ఇంట్లో పండగ. ఏమీ పడకపోతే ఆయిలు బాకీ మిగులుతుంది. పైగా వలకి అప్పిచ్చిన షావుకారుకే చేప పొయ్యాలి, ఆయన చెప్పిందే రేటు. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మబట్టే చాలా రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగింది. ఆమె కష్టాన్ని ఏ లెక్కలోనూ రాయరు.

వేరావల్‌లో పెద్ద బోట్లు. ఒకసారి కదిలితే పదిహేను, ఇరవై రోజులు నీళ్ళ మీదే. వల లాగడం, చేప ఏరడం, ఐసులో సర్దడం, మధ్యలో కాసేపు కునుకు. కానీ జీతం నెల లెక్కన వస్తుంది. సీజన్‌కి ముందే తండేలు, అంటే బోటు నడిపే పెద్ద, ఇంటికొచ్చి అడ్వాన్సు ఇస్తాడు. నా మొదటి అడ్వాన్సుతో చెల్లి కాలేజీ ఫీజు కట్టాం. అది తీరేదాకా బోటు మారడానికి లేదు. అమ్మకి ఒంట్లో బాగాలేదని కబురొచ్చినప్పుడు ఓనరు నన్ను పంపలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

సరిహద్దు టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి పట్టుబడిన మనవాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. ఆ పద్నాలుగు నెలలు వాళ్ళ ఇళ్ళల్లో ఎలా గడిచిందో మా పక్క ఊళ్ళలో అందరికీ తెలుసు.

ఇంకో చిక్కు. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14, అటు గుజరాత్ వైపు జూన్ 1న మొదలవుతుంది. నిషేధ సాయం కోసం ఇక్కడ అధికారులు బోట్లు లెక్క రాసే సమయానికి మేము అక్కడ సముద్రంలో ఉంటాం. మన ప్రభుత్వం ఇచ్చే ఆ సాయం 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకి పెరిగింది. వేరావల్ వెళ్ళిన ఏ ఏడాదీ నా పేరు జాబితాలో లేదు.

మా ఊరి దగ్గర పెద్ద బోట్లు నిలబెట్టే హార్బర్ ఉంటే నేనైతే వెళ్ళేవాణ్ణి కాదు. మీ వాళ్ళెవరైనా వెళ్తుంటే అడ్వాన్సు ఎంతో, నెల జీతం ఎంతో కాగితం మీద రాయించుకోమనండి. మత్స్యశాఖ దగ్గర ప్రమాద బీమాలో పేరు ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోమనండి. పేరు ఉంటే, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 5 లక్షలు వస్తాయి.