మేనేజరు సంగతి తర్వాత, ముందు మీ ఇంటి సంగతి

మీ ఉత్తరం నిండా మేనేజరే ఉన్నాడు. రివ్యూ మీటింగులో పదిమంది ముందు ‘ఈ మాత్రం పని కూడా చేతకాదా’ అన్నాడని, క్లయింటు లైన్లో ఉండగానే నిలదీశాడని, అందరి ముందే అతని నోరు మూయించేలా ఏమనాలో చెప్పమని అడిగారు. చివర్లో మాత్రం, అప్పుడే గుర్తొచ్చినట్టు, ఈ టెన్షన్‌లో మొన్న మీ అన్నావదినల ముందు భార్య మీద అరిచానని, అప్పట్నుంచి ఆవిడ ముభావంగా ఉంటోందని, తొమ్మిదేళ్ల బాబు మార్కుల కాగితం దాచేశాడని రాశారు. నాకు అసలు సమస్య అక్కడే కనిపించింది.

మీరడిగిన దానికి జవాబు చెప్పేస్తాను. మీటింగులో ఎదురు తిరగొద్దు, అతను ఇంకా పంతానికి పోతాడు. ‘దీని గురించి మీటింగయ్యాక మాట్లాడతాను సార్’ అనండి, చాలు. కోపం చల్లారాక విడిగా కలిసి, ఫలానా రోజు ఫలానా మాట అందరి ముందు అన్నారు, తప్పుంటే నన్ను పిలిచి చెప్పండి, సరిదిద్దుకుంటాను అని చెప్పండి. మాట్లాడుకున్నది మర్యాదగా ఒక మెయిల్ రాసి పెట్టండి. అయినా మారకపోతే తేదీ, అన్న మాట, అక్కడ ఎవరున్నారు అన్నీ రాసుకుని హెచ్‌ఆర్ దగ్గరికో అతని పైవాళ్ల దగ్గరికో వెళ్లండి. వేరే ఆఫర్ చేతిలో లేకుండా రాజీనామా ఇవ్వకండి.

ఇక ఇంటికొద్దాం. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. మేనేజరు మీద అరిస్తే ఉద్యోగం పోతుంది, భార్య మీద అరిస్తే ఏమీ పోదనుకున్నారు. అదీ తోటికోడలు చూస్తుండగా! అత్తింటివాళ్ల ముందు మొగుడు కసిరితే ఎలా ఉంటుందో పదిమందిలో మాట పడ్డ మీకు వేరే చెప్పాలా?

బాబు సంగతీ అంతే. ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలిస్తే, బాగా పనిచేసే బృందాల్లోనే అవి ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడివాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, చెప్పడానికి భయపడటం లేదని ఆవిడకు అర్థమైంది. మీ ఆఫీసులో తప్పు దొర్లితే మీకు దాచాలని ఎందుకనిపిస్తుందో, మీవాడు ఆ కాగితం అందుకే దాచాడు.

మీ అన్నావదినల్ని ఇంటికి పిలవండి. వాళ్లు వింటుండగా ‘ఆ రోజు నేను అలా అనకూడదు, తప్పు నాదే’ అని మీ భార్యతో చెప్పండి. గదిలో తలుపేసుకుని చెప్పే సారీని నేను లెక్కలోకి తీసుకోను, పదిమందిలో తీసిన పరువు పదిమందిలోనే తిరిగివ్వాలి. చిన్నతనంగా ఉంటుందంటారా? మీ మేనేజరే రేపు అందరి ముందు ‘ఆ రోజు నాదే పొరపాటు’ అంటే అతని మీద మీకు గౌరవం తగ్గుతుందా, పెరుగుతుందా?

మార్కుల గురించి బాబును ఇప్పుడే అడగొద్దు. వాళ్లమ్మకు మీరు సారీ చెప్పేటప్పుడు మాత్రం వాణ్ని ఆడుకోమని బయటికి పంపకండి, అక్కడే ఉండనివ్వండి.