పాత వీ-క్రాస్‌తో కొండ దారులకు: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. 2017 మోడల్ ఇసుజు వీ-క్రాస్ పికప్ బండి కొన్నావని అమ్మ చెప్పింది. మంచి బండే ఎంచుకున్నావు. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిన్, దిట్టమైన ఛాసీ, వెనక కమాను పట్టీలు. 2016లో శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచాక తొలినాళ్లలో వచ్చిన బళ్లు ఇవి, మన నేల మీద తయారైనవే. నువ్వు పంపిన కొనాల్సిన సామాన్ల లిస్టు కూడా చూశాను: స్నార్కెల్ (ఇంజిన్‌కి గాలిని పైకప్పు ఎత్తు నుంచి తెచ్చే గొట్టం), లైట్ బార్, బుల్ బార్ (ముందు బిగించే ఇనుప కమ్మీ), బండిని మూడంగుళాలు ఎత్తు చేసే లిఫ్ట్. వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టు. పాత బండిని కొండ దారుల్లో పాడుచేసేవి రాళ్లు కాదు, లోపలికి చేరిన నీళ్లూ దుమ్మూ. అవి ఎక్కడెక్కడ చొరబడతాయో తెలుసుకుని ముందు అక్కడ ఖర్చుపెట్టు.

మొదట ఆయిళ్లు. పాత యజమాని "అన్నీ మార్పించానండీ" అన్నాడంటే ఇంజిన్ ఆయిల్ మార్పించాడని అర్థం. ఇంకా నాలుగున్నాయి: గేర్‌బాక్స్, ఇంజిన్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, ఆ బలాన్ని కుడి ఎడమ చక్రాలకి పంచే ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్. ఒక్కోదానికి రెండేసి ప్లగ్గులుంటాయి, పైన నింపేది, కింద దించేది. ఎవరు చేస్తున్నా సరే, ముందు పై ప్లగ్ విప్పించు. కిందది విప్పి ఆయిలంతా దించేశాక పైది తుప్పుపట్టి కదలకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని వైర్ బ్రష్‌తో గీకేశాకే పానా పెట్టు, లేకపోతే ఆ మట్టి లోపలికే పోతుంది. వాషర్లు కొత్తవి వెయ్యి, పాతవాటితో బిగిస్తే చెమ్మ కారుతూనే ఉంటుంది.

బండి పావుగంట నడిపి ఆయిల్ వేడెక్కాక దించు. దిగిన ఆయిల్‌ని చూడకుండా పారబొయ్యకు, తెల్ల డబ్బాలో పట్టు. నల్లగా ఉంటే పాతబడింది, అంతే. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. ప్లగ్ అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు ముద్ద పట్టి ఉండడం మామూలే. వేళ్ల మధ్య నలిపితే గుచ్చుకునే ముక్కలుంటే మాత్రం గేరు పళ్లో బేరింగో పోతోంది, కొత్త ఆయిల్ పోసి లాభం లేదు, విప్పి చూడాల్సిందే. నీళ్లు చేరిన డిఫరెన్షియల్‌కి ఒక్కసారి మార్చితే చాలదు. కొత్త ఆయిల్ పోసి రెండు వందల కిలోమీటర్లు నడిపి, దాన్నీ దించేసి మళ్లీ పొయ్యి.

డిఫరెన్షియల్లో పోసేది జీఎల్-5 అనే గ్రేడు గేర్ ఆయిల్. షెడ్డులో అదే డ్రమ్ములోంచి గేర్‌బాక్స్‌లోకీ పోసేస్తారు, నువ్వు పక్కన నిలబడి ఆపాలి. జీఎల్-5లో కలిపే గంధకం మందులు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను దెబ్బతీసే అవకాశం ఉంది. పైగా చిక్కదనం ఎక్కువైతే చలిపొద్దున రెండో గేరు మొరాయిస్తుంది. మాన్యువల్‌లో ఏ గ్రేడు రాశారో అదే పొయ్యి. కొలత కోసం లీటర్లు లెక్కపెట్టక్కర్లేదు. బండిని చదునైన చోట నిలిపి, పై రంధ్రంలోంచి పొర్లే దాకా నింపితే సరిపోయినట్టే.

ఇక నీళ్లు లోపలికి ఎలా చేరతాయో విను. ప్రతి డిఫరెన్షియల్‌కీ ఊపిరి తీసుకోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. దారి పొడుగునా నడిచి వేడెక్కిన హౌసింగ్‌ని, అంటే డిఫరెన్షియల్ పైడొప్పని, ఒక్కసారిగా వాగులో దించితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది, బయటి నుంచి ఏది దొరికితే దాన్ని లాక్కుంటుంది. బ్రీదర్ నీళ్లలో మునిగి ఉంటే నీళ్లే లాక్కుంటుంది. బురదతో మూసుకుపోయి ఉంటే ఇంకో తంటా: వేడికి పెరిగిన ఒత్తిడి ఆయిల్‌ని సీళ్లలోంచి బయటికి తోస్తుంది. వెనక చక్రం లోపలి వైపు తడిగా, దుమ్ము అంటుకుని కనిపిస్తే అదే. ఆ ఆయిల్ బ్రేక్ డ్రమ్ములోకి దిగి బ్రేక్ షూలను నానబెడుతుంది. నానిన షూలను గీకి మళ్లీ వేస్తామంటారు, ఒప్పుకోకు, మార్చించు. మందు సులువైనదే. ఆయిల్‌కి తట్టుకునే సన్నటి గొట్టం బ్రీదర్‌కి తగిలించి, వెనకది టెయిల్ ల్యాంప్ ఎత్తుకీ ముందుది బానెట్ లోపలికీ తీసుకెళ్లి క్లిప్పులతో కట్టు. మధ్యలో ఎక్కడా వేలాడి గుంటపడకూడదు, గుంటలో నీరు నిలిస్తే గొట్టం వేసినా వెయ్యనట్టే. స్నార్కెల్ ధరలో పదో వంతు కూడా కాదు ఇది.

వాగు దాటేటప్పుడు ముందు దిగి కర్రతో నడిచి చూడు. నిలకడ నీరైతే చక్రం నడిమి హబ్ దాకా నిశ్చింతగా వెళ్లొచ్చు. పారే నీరు మోకాలిని తోస్తోందంటే వెనక్కి తిరిగి వచ్చేయ్. దిగే ముందు కొన్ని నిమిషాలు ఆగి హౌసింగ్‌లను చల్లారనివ్వు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మాత్రం తాళం తిప్పకు, ఎవరు ఎంత చెప్పినా తిప్పకు. సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా నలగదు, పిస్టన్ పైకి వచ్చేసరికి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని లాగించి గట్టెక్కించు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరువు. ఫిల్టర్ తడిసి ఉంటే గ్లో ప్లగ్గులు విప్పించి, ఇంజిన్‌ని చేత్తో తిప్పించి నీళ్లు వెళ్లగొట్టాకే స్టార్ట్ చేయాలి.

ఎండాకాలంలో సమస్య దుమ్ము. ఎయిర్ ఫిల్టర్‌ని పెట్రోల్ బంకులో గాలి గొట్టంతో బయటి నుంచి కొట్టించొద్దు, దుమ్ము కాగితంలోకి ఇంకా దిగబడుతుంది. నేలకి మెల్లగా తట్టి, లోపలి నుంచి బయటికి తక్కువ గాలితో ఊదు. రెండు మూడు సార్లు అలా చేశాక కొత్తది వెయ్యి. అంతకంటే ముఖ్యం, ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టంలో తెల్ల గుడ్డ చుట్టిన వేలు పెట్టి తుడువు. గుడ్డకి దుమ్ము అంటితే ఫిల్టర్ అంచు రబ్బరు సరిగ్గా కూర్చోవట్లేదు, లేదా పెట్టె క్లిప్పు వదులైంది. ఆ దుమ్ము ముందు టర్బో రెక్కలను, తర్వాత సిలిండర్ గోడలను అరగదీస్తుంది.

డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే మర ఉంటుంది. ట్రిప్పుకి ముందొకసారి, వచ్చాకొకసారి వదులు. ఏజెన్సీలో క్యాన్లలో అమ్మే డీజిల్ పోయించుకుంటే ఆ రాత్రే వదులు. డీజిల్‌ని ఎక్కువ ఒత్తిడితో సిలిండర్లలోకి చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్లకి నీళ్లంటే గిట్టదు, నాలుగూ మార్చాల్సి వస్తే ఖర్చు విని కూర్చుండిపోతావు.

ముందు చక్రాల సంగతి నువ్వే ఇంట్లో చూసుకోవచ్చు. జాకీ మీద లేపి, ఛాసీ కింద స్టాండు పెట్టు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. టకటకమని ఆడితే ఇంట్లో ఎవరినైనా బ్రేక్ తొక్కి ఉంచమని మళ్లీ ఊపు. బ్రేక్ తొక్కితే ఆట పోయిందా, వీల్ బేరింగ్. పోలేదా, బాల్ జాయింట్. తర్వాత కుడి ఎడమలు పట్టుకుని ఊపు. అప్పుడు ఆడేది చాలావరకు టై రాడ్ ఎండ్. ఎక్కడ ఆడుతోందో కంటికి కనిపించకపోతే ఆ జాయింట్ మీద వేలు పెట్టి ఊపించు, వేలికి తెలిసిపోతుంది. బాల్ జాయింట్‌ని మాత్రం "ఇంకో ట్రిప్పు వస్తుందిలే" అని వదలకు. ఊడిందంటే చక్రం పడిపోయి ఫెండర్‌లోకి మడుచుకుంటుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా పని చెయ్యదు.

అక్కడే ఉండగా ముందు చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్ల (తొడుగుల) మడతల మధ్య టార్చి వేసి చూడు. చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకి తిప్పితే మడతలు తెరుచుకుంటాయి. రిమ్ లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే బూటు చిరిగింది. వారంలో పట్టుకుంటే బూటూ గ్రీజూ మార్చితే సరి. ఇసుక దూరాక మలుపుల్లో టిక్కుటిక్కుమంటుంది, అప్పుడు షాఫ్టే మార్చాలి. మూడంగుళాల లిఫ్ట్ వద్దన్నది అందుకే. ఎత్తు పెరిగేకొద్దీ ఆ షాఫ్టుల వంపు పెరిగి బూట్లు, జాయింట్లు తొందరగా పోతాయి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ (బండి కింద పొడుగునా తిరిగే గొట్టం) చివర్ల జాయింట్లలో ఉండే క్రాస్‌లకి గ్రీజు నిపుల్ ఉంటే లిథియం ఈపీ-2 గ్రీజు కొట్టు. నాలుగు కప్పుల్లోంచీ కొత్త గ్రీజు బయటికి రావాలి. మూడింట్లోంచే వస్తే నాలుగోది ఎండిపోతోంది, ముందు పోయేది అదే. జారే జాయింట్‌కి మాత్రం రెండు మూడు దెబ్బలు చాలు, ఎక్కువ కుక్కితే గ్రీజు నలిగే చోటు లేక సీలు తన్నేస్తుంది. నీళ్లలో దిగిన ప్రతిసారీ గ్రీజు కొట్టు, కిలోమీటర్లు చూడకు. రివర్స్ నుంచి మొదటి గేరుకి మారేటప్పుడు కింద ఠక్కుమంటే క్రాస్‌ని అనుమానించు.

వెనక కమాను పట్టీల యూ బోల్టులు ఎగుడుదిగుడు దారుల్లో వదులవుతాయి. వదులైతే పట్టీలను పట్టి ఉంచే నడిమి బోల్టు తెగి, యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది. ట్రిప్పు నుంచి రాగానే టార్క్ రెంచ్‌తో మాన్యువల్ కొలతకి బిగించు. చక్రాల నట్లదీ అదే లెక్క. చక్రం విప్పి పెట్టాక వంద కిలోమీటర్ల లోపు మరోసారి బిగించాలి.

నాలుగు చక్రాల డ్రైవ్ గురించి ఒక మాట. ఈ బండికి మధ్యలో డిఫరెన్షియల్ లేదు, కాబట్టి పొడి తారు రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాల డ్రైవ్, మామూలు వేగం) వెయ్యకు. మలుపుల్లో ముందు వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి, తిరగలేక గేర్లు మెలిపడతాయి. మెలిపడితే 2హెచ్‌కి (రెండు చక్రాల డ్రైవ్) తిప్పినా డ్యాష్‌బోర్డు మీది 4హెచ్ దీపం ఆరదు. భయపడకుండా తిన్నగా నాలుగైదు మీటర్లు రివర్స్ చేస్తే వదులుతుంది. అలాగని ఏడాదంతా వాడకుండా ఉంచినా పట్టేస్తుంది. నెలకోసారి మట్టి రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు 4హెచ్‌లో నడుపు. దీపం ఆగకుండా మిణుకుమిణుకుమంటే గేర్‌బాక్స్ దగ్గరి కనెక్టర్లలో బురద చేరిందేమో ముందు చూడు, షెడ్డువాడు ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పకముందే. పాడేరు, చింతపల్లి వైపు దిగుడు దారుల్లో, తారు లేని చోట, 4ఎల్ (నాలుగు చక్రాల డ్రైవ్, తక్కువ వేగం) వేసి మొదటి గేరులో వదిలెయ్, బ్రేకులు కాలవు.

టైర్లలో గాలి రాళ్ల దారికి 22 పీఎస్ఐ, మెత్తటి ఇసుకకి 16 నుంచి 18. పదిహేనుకి దిగితే రిమ్ నుంచి టైరు ఊడొచ్చు. తారెక్కగానే మళ్లీ నింపాలి, అందుకే కంప్రెసర్ లేకుండా గాలి తియ్యకు. నల్లరేగడిలో తిరిగొచ్చాక అరవై దాటగానే స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్‌కి పరిగెత్తకు. రిమ్ లోపల గడ్డకట్టిన మట్టి బరువే ఆ వణుకు. కడిగితే పోతుంది.

కడగడం అంటే పైపైన మెరిపించడం కాదు. ఛాసీ గొట్టాల రంధ్రాల్లోకి నీళ్లు పంపి, ఎర్ర నీళ్లు ఆగి తేట నీళ్లు వచ్చేదాకా ఉంచు. రేడియేటర్‌ని ఇంజిన్ వైపు నుంచి ముందుకి, తక్కువ ఒత్తిడితో కడుగు. ఎక్కువ ఒత్తిడి రెక్కలను వంచేస్తుంది. వెనక డ్రమ్ములు విప్పి బురద తీయించు. తడి బ్రేకులతో హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే షూలు అతుక్కుంటాయి, గేరులో పెట్టి చక్రానికి రాయి వెయ్యి. సూర్యలంక లాంటి చోట ఉప్పునీరు తగిలితే అదే రోజు మంచినీళ్లతో కడగాలి. తడి మట్టి మీదే నల్ల అండర్‌కోటింగ్ కొట్టించేవాళ్లున్నారు, అది తుప్పుని ఆపదు, కప్పెడుతుంది.

బుల్ బార్ మాట అడిగావు. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని వద్దంటూ రాష్ట్రాలకు రాసింది. పైగా ముందు వైపు కమాను పట్టీలు లేని ఈ బండికి ఆ బరువంతా ముందు స్ప్రింగుల మీదే పడుతుంది. ఆ డబ్బుతో 4.75 టన్నుల బో షాకిల్స్ (బెల్టు తగిలించే ఇనుప కొక్కేలు) రెండు, మంచి లాగుడు బెల్టు ఒకటి, జాకీ కింద పెట్టడానికి అడుగు చదరపు మందపాటి చెక్క, పంక్చర్ కిట్, స్పేర్ ఫ్యాన్ బెల్ట్, ఫ్యూజులు, గొట్టాల క్లాంపులు, రెండు లీటర్ల ఇంజిన్ ఆయిల్ కొను. లాగేటప్పుడు బెల్టుని ఛాసీకి బిగించిన హుక్కుకే తగిలించు, ట్రైలర్ తగిలించే బంతికి ఎప్పుడూ కాదు. అది విరిగి ఎగిరితే మనిషి ప్రాణం పోతుంది. లాగుతున్నంతసేపూ బెల్టు దగ్గర ఎవరినీ నిలబడనివ్వకు.

మారేడుమిల్లి వెళ్లేముందు అటవీ శాఖ అనుమతి అవసరమైన దారులేవో అక్కడే కనుక్కో. అంతకంటే ముందు ఈ ఆదివారం నాలుగు పై ప్లగ్గులూ కదులుతున్నాయో లేదో చూసి ఫోన్ చెయ్యి. ఏదైనా పట్టేసి ఉంటే గింజాడి తల అరగదియ్యకు, రాత్రంతా పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచి, పొద్దున హౌసింగ్ వేడెక్కాక పొడుగు పానాతో ప్రయత్నించు.

ఇట్లు,
మామయ్య