డిగ్రీ చదివే అమ్మాయి గాజుపూసలు సానబెడతానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది బొబ్బిలి, కిరాణా షాపు. అమ్మాయి విజయనగరంలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాది. సెలవుల్లో డాబా మీద టార్చ్ మంటతో గాజు కడ్డీలు కరిగించి పూసలు చేస్తుంది. ఇప్పుడు వాటిని కోసి, సానబెట్టడం నేర్చుకోవడానికి పది రోజుల ఆన్‌లైన్ కోర్సు కట్టమంటోంది. ఫీజు ఎనిమిది వేలు. చదివించింది పూసలమ్ముకోవడానికా అని మా బావమరిది అంటున్నాడు. ఎంఎస్సీ మంచిదా, ఇది మంచిదా? పోల్చి చెప్పండి.

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదండీ. ఒకరింట్లో కేకులు, ఇంకొకరింట్లో మగ్గం వర్కు, మీ ఇంట్లో పూసలు. పైకి అడిగేది కోర్సు గురించి. లోపలి భయం మాత్రం, రేపు సంబంధాలు చూసేటప్పుడు పిల్ల ఏం చేస్తోందని చెప్పాలన్నది. ముందు ఆ టెన్షన్ తీసేయండి. డిగ్రీ మానలేదు, అప్పు చేయమనలేదు. చేసిన పూస ఇంకా నునుపుగా రావాలని తపిస్తోంది. మీ పిల్ల దారి తప్పలేదు.

ఒక మాట కటువుగానే అంటాను. ఫీజు రాశారు, బావమరిది మాట రాశారు. ఆ పూసలు ఎలా ఉన్నాయో ఒక్క ముక్క రాయలేదు. ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా? పక్కనే గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి వీణ చేసేవాళ్ల గురించి ఊరికొచ్చిన అతిథికి గొప్పగా చెప్పుకుంటాం. అలాంటి చేతిపని మన పిల్ల పడితే నామోషీ ఎందుకు?

నా అనుమానమంతా ఆ పది రోజుల కోర్సు మీదే. సానబెట్టడం తెర మీద చూస్తే రాదు. గాజు సానరాయికి ఆనినప్పుడు వచ్చే శబ్దం, వేళ్లకు తగిలే గరుకు, ఇవే పాఠం. ముందు ముతక గరుకు పొడి, తర్వాత 220, 400, 600 నంబర్ల పొడులంటూ సన్నగా వెళ్లాలి, నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నం. ముందు గరుకు చేసిన గీతలన్నీ తర్వాతది చెరిపేయాలి. తొందరపడి ఒకటి దాటేస్తే, చివర సీరియం ఆక్సైడ్ అనే పాలిష్ పొడితో మెరుగు పెట్టేటప్పుడు ఆ గీత బయటపడుతుంది. గరుకు మార్చినప్పుడల్లా పూసనీ చేతుల్నీ కడుక్కోవాలి. ఒక్క ముతక రేణువు మిగిలినా మళ్లీ మొదటికే. ఆ బురదనీళ్లు సింకులో పోయొద్దు, పైపు పూడుకుపోతుంది. బకెట్లో తేరనివ్వాలి.

దీనికి పెద్ద మెషీన్ కూడా అక్కర్లేదు. మందపాటి అద్దం ముక్క మీద సిలికాన్ కార్బైడ్ అనే గరుకు పొడి, కాసిని నీళ్లు వేసి చేత్తో రుద్దుతూ మొదలుపెట్టొచ్చు. విజయనగరంలో అద్దాల అంచులు సానబెట్టే షాపులో అడిగి నాలుగు రోజులు కూర్చోబెట్టండి. కుదిరితే టెక్కలి వైపు గ్రానైట్ పాలిష్ యూనిట్ చూపించండి. రాయి వేరైనా, ముతక నుంచి సన్నానికి వెళ్లే పద్ధతి అదే. పొడిగా మాత్రం ఎప్పుడూ రుద్దకూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు, కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. కరెంటు పనిముట్టయితే ఎర్తింగ్ చూడకుండా తడిచేత్తో ముట్టనివ్వొద్దు.

ఇంకొకటి, మీ ప్రశ్నలో కరెంటు కొలిమి మాట లేదు. మంట నుంచి తీసిన పూసను బూడిదలో పెట్టి చల్లారిస్తే లోపలి ఒత్తిడి పోదు. మామూలుగా పూసలకు వాడే సోడా గాజునైతే సుమారు 510 డిగ్రీల దగ్గర కాసేపు నిలిపి, గంటల తరబడి మెల్లగా చల్లార్చాలి. లేకపోతే కోత పెట్టగానే పూస చిట్లిపోవచ్చు. అమ్మాయి కెమిస్ట్రీ పిల్ల కదా, ఇదంతా మీకంటే బాగా చెబుతుంది, అడగండి. ఆ ఎనిమిది వేలు కోర్సుకి కాకుండా కొలిమికి దాచమని నా సలహా.

సంపాదన గురించి నిజం చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని పుర్దిల్‌నగర్ లాంటి చోట్ల ఇంటింటా మంట మీద పూసలు చేస్తారు. ధరలో వాళ్లతో పోటీ పడటం మీ అమ్మాయి వల్ల కాదు. కోసి, మెరుగు పెట్టిన పూస అయితేనే వేరే ధర అడగగలదు. ఇన్‌స్టాలో పేజీ తెరిస్తే ఆర్డర్లు వచ్చి పడతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. మొదటి రెండేళ్లు దీన్ని ఇంటి ఆదాయంలో లెక్క వేయకండి.

పోలిక అడిగారు. ఎంఎస్సీ రెండేళ్లు, పూసలు సాయంత్రాలు. ఒకటి రెండోదానికి అడ్డం కాదు. డిగ్రీ పూర్తయ్యాక ఎంఎస్సీ ఎంట్రన్స్ రాయనివ్వండి, పూసలూ చేయనివ్వండి. ఈసారి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, బావమరిది ఉన్నప్పుడే, ఆ పూసల డబ్బా తెమ్మని మీరే అడగండి.