ఏటా గ్యాసు నింపించుకునే పాత ఏసీ: మరమ్మతా, కొత్తదా, ఈఎంఐనా?

ప్రశ్న: మేము విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి అర కిలోమీటరు లోపు దూరంలో, మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాం. హాల్లో నాలుగేళ్ల కిందట కొన్న ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ, మా అత్తగారి గదిలో 2015లో కొన్న మామూలు ఒకటిన్నర టన్ను ఏసీ ఉన్నాయి. పాతదానికి మూడేళ్లుగా ప్రతి వేసవిలో 2,800 రూపాయలు పెట్టి గ్యాసు నింపిస్తున్నాం. ఇప్పుడు సర్వీసు వాళ్లు రెండింటికీ కలిపి ఏడాదికి 5,500 రూపాయల ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) తీసుకోమంటున్నారు. షాపులో కొత్త 5 స్టార్ ఏసీ రొక్కానికి 39,500, నో కాస్ట్ ఈఎంఐలో అయితే నెలకు 3,500 చొప్పున 12 నెలలు అన్నారు. చేతిలో ఉన్న 60,000 జూన్‌లో పిల్లల ఫీజులకు కావాలి. కాశీ ప్రయాణం కోసం నెలకు 2,500 చొప్పున 24 నెలల ఆర్‌డీ (బ్యాంకులో రికరింగ్ డిపాజిట్) కడుతున్నాం, 14 నెలలు పూర్తయింది. కరెంటు జనవరిలో 190 యూనిట్లు, కిందటి మేలో 470 యూనిట్లు కాలింది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయింది, విశాఖలో ఉక్కపోత మొదలు కావడానికి ఇంకా కొన్ని వారాలు వ్యవధి ఉంది. మెకానిక్కులు తీరికగా వచ్చి చూసే రోజులు ఇవే కనుక మీరు సరైన సమయంలో అడిగారు. ఏప్రిల్ రెండో వారం దాటితే పిలిచిన వాడు మూడు రోజులకు వస్తాడు, వచ్చినవాడు పది నిమిషాల్లో గ్యాసు నింపి వెళ్లిపోతాడు. మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ సమాధానం ఒకే చోట ఉంది: ఆ గ్యాసు ఎక్కడి నుంచి పోతోంది? అది తేలకుండా ఏఎంసీకి గానీ, కొత్త ఏసీకి గానీ రూపాయి కూడా ఇవ్వకండి.

ఏసీలో గ్యాసు బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాసు ఆవిరిగా, ద్రవంగా మారుతూ తిరుగుతూ ఉంటుంది. మూడేళ్లు వరుసగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉందని అర్థం. దాన్ని పట్టుకోకుండా నింపించిన 8,400 రూపాయలు గాలిలో కలిసిపోయాయి. ఈ మాట నేను సొంత అనుభవంతో చెబుతున్నాను. పెదవాల్తేరులోని మా ఇంట్లో ఒక మెకానిక్కు మూడు వేసవులు ఇలాగే నింపాడు. నాలుగో ఏడు వచ్చిన మరొకతను అవుట్‌డోర్ యూనిట్ వెనక జాలీ విప్పి, టార్చి వేసి చూపించాడు. అల్యూమినియం రేకుల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది, వేలితో తాకితే ఆ రేకులు అప్పడంలా పొడిపొడిగా రాలిపోయాయి. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసినప్పుడు రాగి, అల్యూమినియం ఒకదాన్నొకటి ఆనుకున్న చోట అల్యూమినియాన్ని తుప్పు తొందరగా తినేస్తుంది, కొన్నాళ్లకు గొట్టాలకూ సన్నని రంధ్రాలు పడతాయి. ఆ రోజు దాకా ఆ జాలీ వెనక ఏముందో చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

కాబట్టి ముందుగా మెకానిక్కును నైట్రోజన్ పీడనంతో లీకు పరీక్ష చేయమని అడగండి. అతను వచ్చేలోపు మీరే ఒకటి చూడవచ్చు: ఇండోర్, అవుట్‌డోర్ యూనిట్లకు రాగి గొట్టాలు బిగించిన నట్ల దగ్గర నూనె మరక, దానికి అంటుకున్న నల్లటి దుమ్ము కనిపిస్తే లీకు అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. గ్యాసుతో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. నట్టు దగ్గరి లీకు చిన్న మరమ్మతు. కాయిల్‌లో, అంటే ఆ రేకుల మధ్య చుట్టిన గొట్టంలో, లీకు అయితే, పదకొండేళ్ల ఏసీకి కొత్త కాయిల్ వేయించమని నేను చెప్పను. ఆ నాటి మామూలు ఏసీలు చాలావరకు ఆర్-22 గ్యాసువి. మీది ఏదో అవుట్‌డోర్ యూనిట్ మీది లేబుల్‌పై రాసి ఉంటుంది. మన దేశంలో కొత్త ఏసీల తయారీలో ఆ గ్యాసు వాడకం 2024 డిసెంబరుతో ఆగిపోయింది. సర్వీసింగ్‌కు ఇంకా దొరుకుతున్నా, దాని సరఫరాను అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం క్రమంగా తగ్గిస్తూ వస్తున్నారు.

ఇక లెక్కకు వద్దాం. మన విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ గృహ వినియోగదారుల స్లాబులు 2022 సవరణ ప్రకారం ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లకు 1.90, ఆపై 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, అక్కడి నుంచి 9.75 రూపాయలు. స్థిర చార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు వదిలేస్తే మీ జనవరి కరెంటు ఖరీదు 807 రూపాయలు, మే నెలది 3,231. అంటే పెరిగిన 280 యూనిట్లకు మీరు కట్టింది 2,424 రూపాయలు, యూనిట్‌కు 8.66 చొప్పున. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి చూసుకుంటే 6.87 మాత్రమే కనిపిస్తుంది. చాలామంది ఆ సగటునే పట్టుకుని లెక్క వేస్తారు, కానీ ఏసీ కాల్చేది ఎప్పుడూ పై మెట్టు మీది ఖరీదైన యూనిట్లే.

మీ పాత ఏసీ కంప్రెసర్ నడిచేటప్పుడు గంటకు 1.6 యూనిట్ల దాకా తీసుకుంటుంది. రాత్రి ఎనిమిది గంటల్లో ముప్పావు వంతు సమయం కంప్రెసర్ నడిచిందనుకుంటే తొమ్మిదిన్నర, పది యూనిట్లు అవుతాయి. అదే గదికి 5 స్టార్ ఇన్వర్టర్ ఐదారు యూనిట్లతో సరిపెడుతుందని నా అంచనా. రాత్రికి నాలుగు యూనిట్ల చొప్పున 120 రాత్రులకు 480 యూనిట్లు, 8.75 చొప్పున 4,200 రూపాయలు మిగులుతాయి. కొత్త ఏసీ 39,500కు తోడు బిగింపు, స్టాండు, అదనపు రాగి గొట్టం కలిపి మరో 3,500 వేసుకోండి. షాపులో ఈ మాట బిల్లు రాసేటప్పుడు గానీ చెప్పరు. మొత్తం 43,000. లీకు నట్టు దగ్గరే ఉండి మరమ్మతు అయిపోతే, కరెంటు ఆదా ఒక్కటే ఈ సొమ్మును తిరిగి రాబట్టడానికి పదేళ్లు పడుతుంది కనుక పాతదాన్నే మరి రెండేళ్లు నడుపుకోండి. లీకు కాయిల్‌లో ఉంటే ఏటా 2,800 గ్యాసు ఖర్చు కూడా తప్పుతుంది, అప్పుడు మిగులు ఏడాదికి 7,000, పెట్టుబడి ఆరేళ్లకు కాస్త అటూ ఇటూగా తిరిగి వస్తుంది. మీ అత్తగారి గదిలో ఏసీ వేసవి మధ్యలో ఆగిపోతే పడే ఇబ్బందిని కూడా కలుపుకుంటే, అప్పుడు కొత్తది కొనడమే సరైన నిర్ణయం. మూడేళ్ల వరుస, సముద్రం దూరం చూస్తే మీ విషయంలో కాయిల్ లీకే కావచ్చని నాకు అనిపిస్తోంది, అయినా పరీక్ష చేయించాకే డబ్బు కట్టండి.

కొనవలసి వస్తే లేబుల్ మీద సంవత్సరం చూడండి. 2026 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ప్రమాణాలు కఠినమయ్యాయి కనుక నిరుటి సరుకు మీది 5 స్టార్లు, ఈ ఏటి లేబుల్ మీది 5 స్టార్లు సమానం కావు. స్టార్ల కంటే ఐసీర్ సంఖ్యను (కరెంటును ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పేది, ఎక్కువ ఉంటే మంచిది), 1,600 గంటలకు రాసిన యూనిట్లను పోల్చుకోవడం మేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత ధర చూపించి తగ్గింపు ఇస్తున్నామంటే ఒప్పుకోకండి.

నో కాస్ట్ ఈఎంఐ గురించి మాత్రం కాస్త నిలబడి ఆలోచించమని కోరుతున్నాను. రొక్కానికి 39,500, వాయిదాల్లో 42,000 అంటే ఆ 2,500 వడ్డీయే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ సుమారు 450, ప్రాసెసింగ్ ఫీజు మరో రెండు వందలు కలిపితే, నెలనెలా తగ్గే అసలు మీద లెక్కించినప్పుడు ఏడాదికి 14 శాతం దాటుతుంది. సున్నా శాతం వడ్డీ అనేది నిజానికి లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. మీ ఆర్‌డీ మీద బ్యాంకు ఇచ్చేది ఆరేడు శాతం. ఒక పక్క ఏడు శాతానికి దాచుకుంటూ మరో పక్క పద్నాలుగుకు అప్పు చేయడం ఎందుకు? కాశీ పేరుతో దాచిన సొమ్మును ముట్టుకోవడానికి మనసు ఒప్పదని తెలుసు, కానీ ఈ లెక్క చూడండి. ఆర్‌డీ మూస్తే చేతికి 35,000, కొంత వడ్డీ వస్తాయి; ముందుగా మూసినందుకు ఒక శాతం కోత పడినా అది రెండు మూడు వందలే. తక్కువ పడిన ఎనిమిది వేలలో ఆ వడ్డీ పోను మిగిలింది ఈ రెండు నెలల ఇంటి ఖర్చులో సర్దుకోండి, ఫీజుల సొమ్ము జోలికి వెళ్లవద్దు. ఈఎంఐకి సిద్ధపడిన 3,500, ఆర్‌డీకి కడుతున్న 2,500 కలిపి నెలకు 6,000 వేరే పొదుపు ఖాతాకు జీతం పడిన మర్నాడే బదిలీ అయ్యేలా బ్యాంకులో చెప్పి పెట్టండి. పది నెలల్లో 60,000 అవుతుంది. మీ పాత ఆర్‌డీ పూర్తయ్యే నాటికే కాశీ సొమ్ము చేతిలో ఉంటుంది, ఈఎంఐ దారిలో అయితే అప్పటికి ఇంకా రెండు వాయిదాలు మిగిలి ఉండేవి. ఆర్‌డీ మూయడం బొత్తిగా ఇష్టం లేకపోతే దాని మీదే అప్పు అడగండి. బ్యాంకులు సాధారణంగా జమ అయిన సొమ్ములో 90 శాతం దాకా, ఆర్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువకు ఇస్తాయి.

వచ్చే జనవరి నుంచి నెలకు 2,000 ఇంటి చల్లదనానికంటూ విడిగా పక్కన పెట్టండి. ఒక్కో ఏసీ ఎనిమిదేళ్లు వస్తుందనుకుంటే రెండింటికీ ఏడాదికి పది వేలు, గీజరుకు వెయ్యి, సర్వీసింగుకు 2,400, వేసవి నాలుగు నెలల అదనపు కరెంటుకు 9,700: అన్నీ కలిపి 23,100. ఆ నిధి ఉంటే మళ్లీ ఇలా వేసవి ముంగిట డబ్బు కోసం వెతుక్కోవలసి రాదు.

ఏఎంసీ మీకు అక్కరలేదు. మీ ఊళ్లో విడిగా చేయించుకుంటే ఒక్కో సర్వీసుకు ఆరు వందలు, రెండు ఏసీలకు ఏడాదికి రెండుసార్లు చొప్పున 2,400. ఆ 5,500 రూపాయల ఒప్పందంలో గ్యాసు, కాయిల్, పీసీబీ (ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) లేకపోతే మీరు కొంటున్నది నీళ్లతో కడగడమే. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ ఉందన్న ధీమా కూడా సగమే నమ్మండి. చాలా కంపెనీలు కంప్రెసర్ ఇస్తాయి గానీ గ్యాసుకు, బిగింపుకు విడిగా వసూలు చేస్తాయి. గృహ బీమా, భారత్ గృహ రక్ష లాంటిది, హుద్‌హుద్ వంటి తుపానుకు దెబ్బతిన్న సామానుకు పనికొస్తుంది, ఉప్పు తినేసిన కాయిల్‌కు పనికిరాదు.

సర్వీసుకు వచ్చినవారిని కాయిల్‌ను యాసిడ్‌తో కడగనివ్వకండి, మురికితో పాటు రేకులు కూడా కరిగిపోతాయి. సముద్రం దగ్గర అవుట్‌డోర్ యూనిట్‌ను నెలకొకసారి, స్విచ్ ఆపేసి, మామూలు మంచినీళ్లతో ఉప్పు వదిలేలా కడిగితే అదే పెద్ద రక్షణ. మూడో అంతస్తు గోడకు వేలాడే యూనిట్ కనుక స్టాండు బోల్టులు తుప్పు పట్టాయేమో చూడమని తప్పక చెప్పండి, ఆ పని మీరు వంగి చేయవద్దు. ఏసీని 20 దగ్గర కాక 25 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకుంటే పెద్దవారికీ హాయి. ఒక్కో డిగ్రీకి సుమారు ఆరు శాతం కరెంటు తగ్గుతుందని స్టార్ లేబుళ్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతోంది. గీజరు రెండు వేల వాట్లది, రోజుకు అరగంట వేసినా నెలకు 30 యూనిట్లు. ఈ వారమే ఎంసీబీ (కరెంటు బోర్డులో దాని స్విచ్) దగ్గర ఆపేయండి.

లీకు పరీక్ష అయ్యాక మళ్లీ గ్యాసు నింపవలసి వస్తే, ముందు వాక్యూమ్ చేసి (గొట్టాల్లోని గాలి, తేమ లాగేసి), లేబుల్ మీద రాసినన్ని గ్రాములు తూకం వేసి నింపమనండి. ఎంత నింపారో బిల్లు మీద రాయించుకుని ఆ కాగితం దాచండి. వచ్చే ఏడు మళ్లీ తగ్గిందంటే ఆ కాగితమే మీకు ఆధారం.