కొలువు బొమ్మకు కాగితం గుజ్జు: పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడుకి, పెద్దమ్మ దీవించి రాయునది.

ఈ సంక్రాంతికి పాపాయి చేత బొమ్మల కొలువు పెట్టిస్తానని, ఒక్క బొమ్మయినా ఇంట్లోనే చెయ్యాలని ఉందని రాశావు. చాలా సంతోషం తల్లీ. ఏటా కొలువులో ఒక కొత్త బొమ్మ చేరాలన్నది మన ఆనవాయితీ. అది కొన్నదే అయి ఉండాలని ఎవరూ చెప్పలేదు.

కాగితం గుజ్జుతో చెయ్యి. మట్టయితే ఫ్లాట్‌లో కాల్చుకోలేవు, కాల్చని బొమ్మ పాపాయి చేతిలోంచి జారితే ముక్కలే. కాగితం బొమ్మ కిందపడితే మహా అయితే సొట్ట పడుతుంది. పైగా ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. మీ అమ్మమ్మ కాలంలో కాగితాలూ మెంతులూ నానబెట్టి రుబ్బి చేటలకీ, వెదురు బుట్టలకీ పూత పూసేవాళ్లు. మెంతుల జిగురుకి కాగితం గట్టిగా పట్టుకుంటుంది, చేదుకి పురుగు దగ్గరికి రాదనేవాళ్లు. ఆ గుజ్జుతోనే బొమ్మా చెయ్యొచ్చు.

ఇందులో కష్టమంతా ఆరబెట్టడంలో ఉంది. భోగి జనవరి 13నో 14నో వస్తుంది. ధనుర్మాసం మొదలయ్యాక పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండలో పస ఉండదు, సాయంత్రం తొందరగా చీకటి పడుతుంది. అందుకని కార్తీక మాసంలోనే పని మొదలుపెట్టు. క్రిస్మస్ సెలవుల్లో చూద్దాంలే అనుకుంటే లోపల తడి ఉండగానే రంగు వెయ్యాల్సి వస్తుంది. కనుమ నాటికి ఆ రంగు పొక్కులు లేస్తుంది, తర్వాత బూజు వాసన మొదలవుతుంది.

వార్తాపత్రికలు, పాత నోటుపుస్తకాలు చాలు. మెరిసే పత్రికల కాగితం వద్దు, అది నీరు సరిగా పీల్చదు. కోడిగుడ్ల అట్టలు దొరికితే వదలకు, అవి గుజ్జుతో చేసినవే కాబట్టి ఇట్టే నానతాయి. కత్తెర పెట్టకుండా చేత్తో చింపు, అంచుల్లో పీచు తేలి బాగా పట్టుకుంటుంది. రాత్రంతా నానబెట్టి, పొద్దున అరగంట ఉడికించి, చల్లారాక మిక్సీలో వెయ్యి. గుప్పెడు కాగితానికి రెండు గ్లాసుల నీళ్లు పోసి ఆపి ఆపి తిప్పు, నీళ్లు తగ్గితే మోటారు మాడుతుంది. ఇందుకోసం పాత జార్ ఒకటి వేరే పెట్టుకో. సిరా పట్టిన జార్‌లో మళ్లీ పచ్చడి రుబ్బొద్దు. తర్వాత పాత పంచె గుడ్డలో వేసి పిండు.

జిగురు సంగతి. కప్పు మైదా చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు కప్పుల నీళ్లలో పోసి, తెల్లదనం పోయి నిగనిగలాడేదాకా సన్న సెగ మీద తిప్పాలి. పిండిన గుజ్జు నాలుగు కప్పులకు ఈ జిగురు ఒక కప్పు, సుద్దపొడి అరకప్పు, మెంతిపిండి రెండు చెంచాలు వేసి చపాతీ పిండిలా మర్దించు. ఫెవికాల్ ఉంటే రెండు చెంచాలు వెయ్యి, లేకపోయినా నష్టం లేదు. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలపమని ఎవరైనా చెబితే వినకు. అది విషం, పసిపిల్ల చేతులు పెట్టే గుజ్జులో దానికి చోటు లేదు.

నన్నడిగితే మైదా కంటే చింతగింజల జిగురే మేలు. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి మెత్తగా రుబ్బి ఉడికించాలి. శ్రమే, కాని ఎండాక రాయిలా ఉంటుంది. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో చేసిన బొమ్మలకు చేతులూ కాళ్లూ అతికేది చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే. చేర్యాల మాస్కులూ ఆ జిగురు మీదే నిలిచాయి.

మొదటి బొమ్మగా దేవుళ్ల జోలికి పోకు. ముఖం, వేళ్లు కుదరకపోతే నీకే మనసు చివుక్కుమంటుంది. గంగిరెద్దును చెయ్యి. సంక్రాంతికి అంతకంటే తగిన బొమ్మ ఏముంది? దినపత్రిక గట్టిగా చుట్టి దారంతో బిగించి ఒళ్లు చేసుకో. సన్నటి చుట్టలు నాలుగు కాళ్లకు, ఒకటి మెడకు. కాళ్లు పొట్టిగా, లావుగా ఉండనీ, పొడుగు కాళ్లు తడిబరువుకి వంగిపోతాయి. కొమ్ములకు, తోకకు సన్నటి తీగ దూర్చు. ఈ ఆకారమంతటి మీదా మొదట జిగురులో ముంచిన కాగితం పీలికలు రెండు వరసలు అతికించి ఆరనివ్వు. ఆ తర్వాతే గుజ్జు, అదీ అర సెంటీమీటరుకు మించకుండా. మూపురం ఒకేసారి పెట్టెయ్యాలని చేతులు ఉబలాటపడతాయి. ఆగు, ఒక పూత పూర్తిగా ఎండాక రెండోది వెయ్యి. ఆరేకొద్దీ గుజ్జు కుంచించుకుపోయి నెర్రెలు పడతాయి, కంగారు పడకు. అదే గుజ్జులో సుద్ద ఎక్కువ కలిపి నెర్రెల్లో నింపితే సరిపోతుంది.

మొదటి రోజు నీడలో ఫ్యాను కింద పెట్టు, రెండో రోజు నుంచి ఎండలో. నేరుగా ఎండలో పెడితే పైపొర బిగిసి లోపలి తడి అక్కడే ఉండిపోతుంది. పూటకోసారి పక్కలు మార్చు. ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

పాపాయికి ఎద్దు ఇవ్వకు, విసుగొస్తుంది. కాగితం ఉండ మీద గుజ్జు పూసి, తడిగా ఉండగానే దారం నొక్కి చారలు దింపితే గుమ్మడికాయ అవుతుంది. కొలువులో సంత పెడితే ఆ గుమ్మడికాయలన్నీ దాని బేరానికి వస్తాయి. వంకర టింకరగా వచ్చినా నువ్వు సరిచెయ్యకు. మీ కింది ఫ్లాట్ వాళ్లు డిసెంబరులో క్రిస్మస్‌కి పశువుల పాక పెడతారని రాశావుగా, మిగిలిన గుజ్జుతో వాళ్లకూ రెండు గొర్రెపిల్లలు చేసివ్వండి. కాశ్మీరులో క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే గోళాలు కూడా కాగితం గుజ్జుతో చేస్తారు. అక్కడ ఆకారం చేసేవాళ్లు వేరు, రంగులద్దే నక్కాష్‌లు వేరు.

రంగుకు ముందు సాండ్ పేపరుతో రుద్ది (ముక్కుకు గుడ్డ కట్టుకో) తెల్ల రంగు రెండు పూతలు వెయ్యి, లేకపోతే కింద అచ్చక్షరాలు కనపడతాయి. అక్రిలిక్ రంగులు చాలు. కళ్లు చివరికి. మూపురం మీద బొంతకు మాత్రం రంగు వెయ్యకు, మీ అమ్మ పాత పట్టుచీర అంచు ముక్కలు కుట్టి కప్పు. అసలు గంగిరెద్దుకు కట్టేది గుడ్డలే కదా.

కొలువు ఎత్తేశాక పాలిథీన్‌లో చుట్టొద్దు, చెమ్మ పడుతుంది. పాత నూలుచీర ముక్కలో చుట్టి, ఎండిన వేపాకు వేసి, మూత ఉన్న రేకు పెట్టెలో పెట్టు. మైదా వాసనకు ఎలుకలు వస్తాయి, అట్టపెట్టెను నమ్మకు.

మీ పెద్దనాన్నగారు నెలాఖరుకి హైదరాబాదు వస్తున్నారు. ఆయన చేత చింతగింజల పిండి పంపిస్తున్నాను. కప్పు పిండిని రాత్రి నానబెట్టి, పొద్దున ఆరు కప్పుల నీళ్లతో అడుగంటకుండా ఉడికించు. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులకు మించి ఉంచకు, పులుస్తుంది. ఎద్దుకు గుజ్జు పూశాక ఒక ఫోటో పంపు, కాళ్లు ఎలా నిలిచాయో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ