పాత రైల్వే సిగ్నల్ కేబిన్లు రెండంతస్తులుగా ఎందుకు ఉండేవి?

పైఅంతస్తు చూపు కోసం, కింది అంతస్తు యంత్రాల కోసం. మా పాకాల జంక్షన్‌నే తీసుకోండి, తిరుపతి, కాట్పాడి, ధర్మవరం వైపు మూడు దారులు చీలతాయి. అలాంటి చోట ఏ బండి ఎటు కదులుతోందో, చివరి పెట్టెకు టెయిల్ ల్యాంప్ (బండి మొత్తం వచ్చిందని చెప్పే వెనక దీపం) ఉందో లేదో కేబిన్‌లో ఉన్నాయనకి కళ్లారా కనబడాలి. అందుకే అన్ని కిటికీలు.

నాకు అసలు అద్భుతం అనిపించేది కింది గదే. పైన లీవర్ లాగితే అక్కడి నుంచి ఇనుప రాడ్లు పాయింట్లను, అంటే బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే కదిలే పట్టాలను, జరుపుతాయి, తీగలు సిగ్నల్ రెక్కను కదిలిస్తాయి. ఒకదానికొకటి అడ్డొచ్చే దారులకు ఒకేసారి సిగ్నల్ పడకుండా ఇంటర్‌లాకింగ్ పట్టీలు లీవర్‌ను బిగించేస్తాయి. ఎంత బలంగా లాగినా రాదు! ఇంగ్లండ్‌లో జాన్ సాక్స్‌బీ 1856లోనే ఇలాంటి ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నారు. లీవర్లకు రంగులూ ఉంటాయి: ఆపే సిగ్నల్‌కి ఎరుపు, పాయింట్లకి నలుపు, వాటి తాళాలకి నీలం.