వెబ్‌సైట్‌లో లోపం కనిపించింది, ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక సంస్థ వెబ్‌సైట్‌లో నా దరఖాస్తు చూసుకుంటూ, పేజీ చిరునామా చివరనున్న అంకెను మార్చాను. వేరెవరిదో దరఖాస్తు ఫోన్ నంబరుతో సహా తెరుచుకుంది. సోషల్ మీడియాలో పెడితే పేరొస్తుందని, ఉద్యోగాలు వెతుక్కుంటూ వస్తాయని స్నేహితులు అంటున్నారు. మనకెందుకు, ఊరుకొమ్మని నాన్నగారు అంటున్నారు. ఏం చేయాలి? ఈ రంగంలో స్థిరపడవచ్చా?

జవాబు: ముందు ఆ అంకెను మార్చడం ఆపేయండి. లోపం ఉందని ఒక్క దరఖాస్తుతోనే తేలిపోయింది. ఇంకో పది తెరిస్తే మీకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఎవరు ఏ పేజీ తెరిచారో రాసుకునే సర్వర్ లాగ్‌లో మాత్రం ఆ పదీ మీ ఖాతా పేరు మీద నమోదవుతాయి. సరదాగా చూశారో, సమాచారం తోడుకున్నారో ఆ లాగ్ చెప్పదు.

మీరు చూసింది చాలా మామూలు లోపం. లాగిన్ అయ్యారా లేదా అని సర్వర్ చూస్తోంది, అడిగిన దరఖాస్తు మీదేనా అని చూడటం లేదు. వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన పది ప్రధాన వెబ్ ముప్పుల జాబితాలో ఈ తరహా యాక్సెస్ కంట్రోల్ (ఎవరు ఏది చూడవచ్చో నియంత్రించడం) వైఫల్యాలదే మొదటి స్థానం.

నాన్నగారి భయం ఉత్తిది కాదు. అనుమతి లేకుండా ఇతరుల సమాచారం చూడటాన్ని చాలా దేశాల చట్టాలు నేరంగానే చూస్తాయి, మంచి ఉద్దేశమన్నంత మాత్రాన వదిలేయవు. అయితే మీరు ఊరుకుంటే ఆ దరఖాస్తుదారుల వివరాలు అలాగే బయట పడి ఉంటాయి. స్నేహితుల సలహా అంతకన్నా చేటు: సవరణ జరగకముందే బయటపెడితే, అంకె మార్చడం తెలిసిన ప్రతివాడూ అక్కడికే వెళతాడు. పేరు సంగతంటారా, 2008లో భద్రతా పరిశోధకుడు డాన్ కామిన్‌స్కీ, వెబ్‌సైట్ పేర్లను కంప్యూటర్ చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ వ్యవస్థలోనే పెద్ద లోపం పట్టుకుని, ముందుగా సాఫ్ట్‌వేర్ తయారీదారులకు రహస్యంగా చెప్పారు. ఆ జులైలో పలు సంస్థలు ఒకే రోజున సవరణలు విడుదల చేశాయి. ఆయనకు పేరేమీ తగ్గలేదు.

ఇక ఎవరికి చెప్పాలి? ఆ వెబ్‌సైట్‌లో సెక్యూరిటీ.టీఎక్స్‌టీ (security.txt) అనే ఫైలు ఉందేమో చూడండి. లోపాలను ఎవరికి తెలపాలో రాసిపెట్టడానికే అది ఉంది. దాని రూపురేఖలు 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9116 అనే ఇంటర్నెట్ పత్రంగా వెలువడ్డాయి. లేకపోతే సంస్థ అధికారిక ఈమెయిల్‌కు రాయండి. ఎంతకీ జవాబు రాకపోతే కంప్యూటర్ భద్రతా సమస్యలను చూసే మీ దేశపు సెర్ట్ బృందాన్ని ఆశ్రయించండి.

ఉత్తరంలో ఏ పేజీ, ఏ రోజు, ఏ సమయం, ఏం మార్చితే ఏం కనిపించింది, ఎవరికి ఏ నష్టం జరగవచ్చు అన్నవి వరుసగా రాయండి. స్క్రీన్‌షాట్‌లో అవతలివారి పేరు, నంబరు కనబడకుండా చెరిపేయండి. ఒక్క దరఖాస్తు చూసి ఆపేశానని, కాపీ ఏదీ దాచుకోలేదని చెప్పండి, అది నిజమైతేనే. పంపేముందు నాన్నగారి చేత చదివించండి. మీ ఉత్తరాన్ని మొదట తెరిచేది సాంకేతిక పరిజ్ఞానం లేని ఉద్యోగి కావచ్చు, నాన్నగారికి అర్థమైతే ఆ ఉద్యోగికీ అర్థమవుతుంది. డబ్బు ప్రస్తావన మాత్రం వద్దు. బగ్ బౌంటీ, అంటే లోపం చూపినవారికి బహుమతి, ప్రకటించని సంస్థను పారితోషికం అడిగితే అది బెదిరింపులా వినిపిస్తుంది.

బయటపెట్టే ముందు సవరణకు ఎంత గడువివ్వాలన్న విషయంలో అందరికీ ఒకే నియమం లేదు. లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరో సాధారణంగా 90 రోజులు ఇస్తుంది, అమెరికాలోని సెర్ట్ సీసీ అనే సమన్వయ కేంద్రం 45 రోజులు. మీరు చూసినది ఒక్క సైటులో సరిచేస్తే పోయే లోపం, కాబట్టి అంత సమయం పట్టకూడదు. అదే వేలాది సైట్లు వాడే ప్లగిన్‌లో (సైటుకు అదనంగా తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్‌లో) లోపమైతే తయారీదారు సవరించాలి, తరువాత ప్రతి సైటూ దాన్ని వేసుకోవాలి. అలాంటి లోపాలకే 1999 నుంచి సీవీఈ అనే గుర్తింపు సంఖ్యలు ఇస్తున్నారు. మీరు కనుగొన్నట్టు నమోదైన సీవీఈ ఒకటి ఉంటే ఇంటర్వ్యూలో బరువుంటుంది.

స్థిరపడవచ్చా అంటే, తప్పకుండా. అప్లికేషన్ సెక్యూరిటీ ఇంజనీర్, పెనెట్రేషన్ టెస్టర్ (అనుమతితో దాడి చేసి లోపాలు పరీక్షించేవారు), బౌంటీ వేదికల్లో నివేదికల పరిశీలకులు వంటి ఉద్యోగాలున్నాయి. బౌంటీలనే జీవనాధారం చేసుకోమని మాత్రం నేను చెప్పను. మీకన్నా ముందు ఇంకెవరైనా అదే లోపం తెలిపి ఉంటే సాధారణంగా మీకు దక్కేది సున్నా. సాధనకు ఎవరి సైటూ తడమక్కర్లేదు. పోర్ట్‌స్విగ్గర్ సంస్థ ఆన్‌లైన్ శిక్షణ వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితం. ఓవాస్ప్ జ్యూస్ షాప్ అనే సాధన అప్లికేషన్‌ను కావాలనే లోపాలతో తయారుచేశారు, మీ కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు. దానితోపాటు లాగిన్ ఉన్న చిన్న వెబ్ అప్లికేషన్ ఒకటి మీరే రాయండి. హక్కుల తనిఖీ మరిచిపోవడం ఎంత సులువో అప్పుడు తెలుస్తుంది.

ఆ సంస్థ సవరణ చేశాక, దీని గురించి రాసుకోవచ్చా అని అడగండి. ఒప్పుకుంటే వ్యక్తుల వివరాలు తీసేసి, మీ నివేదికను, అది పంపిన తేదీని, సవరణ జరిగిన తేదీని రెజ్యూమెకు జతచేయండి. ఒప్పుకోకపోతే సంస్థ పేరు లేకుండా, లోపం ఏ రకమో మాత్రమే రాయండి.